కిర్రు చెప్పుల పెంటయ్య

మీ తాతకు తాత పాలు తాగుతున్న కాలం గాదు. ఆ తాతకు గూడ ఒక తాత ఉండి, ఆయన గూడ అంగి లేకుండ ఉరుకుతున్న కాలం. అంత ఎనకట ఒక ఊరుండె. ఊరుంటే దొర ఉంటడు. దొర ఉంటే గడి ఉంటది. గడి ఉంటే దాని ముంగట ఒక బాట ఉంటది. ఆ బాట మీద నడిచిన ముచ్చటే ఇది. ఊ కొట్టుండ్రి. ఊ కొట్టనోళ్ళకు నేను చెప్ప, నాకేం గరజు.

ఆ దొర కాళ్ళకు కిర్రు చెప్పులుండె. కిర్రు చెప్పులంటే తెలుసా? మీకేం తెలుస్తది, రబ్బరు చెప్పులోళ్ళకు. ముంగట కొస పైకి లేసి ఉంటది, అడుగున పొర మీద పొర తోలు కుట్టి ఉంటది. అడుగేస్తే కిర్రు, అడుగు తీస్తే కిర్రు. మనిషి రాకముందే చప్పుడొస్తది.

ఆ చప్పుడు వినబడితే ఊరు ఊరంత లేవాలె. అరుగు మీదున్నోడు అరుగు దిగాలె. అన్నం తింటున్నోడు చెయ్యి కడగకుండనే లేవాలె. కాళ్ళకు చెప్పులుంటే విడిచి చేతుల పట్టుకోవాలె. తల కిందికి వంచాలె, మొఖం చూడొద్దు. చప్పుడు దూరం పోయేదాక అట్లనే నిలబడాలె. "కిర్రంటే లేవాలె." పిల్లలకు అమ్మ, నాయిన అనే మాటలొచ్చినంక ఆ ఊళ్ళె నేర్పే మూడో మాట అదే.

మరి ఆ చెప్పులు కుట్టేదెవరు? దొర కుట్టుకుంటడా? మాదిగ పెంటయ్య కుడతడు. పెంటయ్యకు ముందు పుట్టినోళ్ళు పుట్టినట్టే పోయిండ్రంట. వీడన్న దక్కాలని తల్లి పెంట మీద పొర్లిచ్చి పెంటయ్య అని పేరు పెట్టింది. దక్కిండు. ఆయన తాత దొర తాతకు కుట్టిండు. ఆయన తండ్రి దొర తండ్రికి కుట్టిండు. పెంటయ్య దొరకు కుడుతున్నడు. పొరకు పొరకు నడుమ ఏం పెడతడో, ఎంతసేపు ఎండబెడతడో, కిర్రు ఎట్ల వస్తదో చుట్టు ఏడూళ్ళల్ల ఆయనొక్కనికే ఎరుక.

చిత్రం చూడుండ్రి. ఆ చప్పుడు పుట్టిచ్చేటోడు ఆయననే. ఆ చప్పుడుకు లేసి తల వంచేటోడు ఆయననే. ఊరికి చెప్పులు కుట్టేటోని కాళ్ళకు మాత్రం చెప్పులు లేవు.

పెంటయ్యకు ఒక్కతే బిడ్డ, కొమురవ్వ. తల్లి లేని పిల్ల అని ఇల్లరికం అల్లుని తెచ్చుకున్నడు. అల్లుడు మంచోడే, నోట్ల నాలుక లేనోడు. కొమురవ్వకు మొదటిసారి నెల తప్పితే పెంటయ్య దూలానికి ఉయ్యాల తాడు కట్టిండు. ఏడో నెలల కొమురవ్వ కల్లంల కూసోని వడ్లు చెరుగుతున్నది. కిర్రుమన్నది. దిగ్గున లేసింది. నడుముల ఏదో పట్టేసింది. మూడో నాటికి కడుపు పోయింది. రెండో కాన్పు. మళ్ళ ఏడో నెల, మళ్ళ కల్లం, మళ్ళ కిర్రు, మళ్ళ దిగ్గున లేసుడు. ఆ కడుపు గూడ పోయింది. ఉయ్యాల తాడు ఒట్టిగనే ఏలాడుతున్నది. దాన్ని విప్పుతానికి పెంటయ్యకు మనసు రాలే.

దొరకు ఈ సంగతి తెల్వనే తెల్వది. ఆయన తిన్నది అరగాలని నడుస్తుండె, గంతే. పొద్దుగాల గడి నుంచి కల్లానికి, కల్లం నుంచి గడికి, ఒక్కపూటల నలభై మార్లు. ఆయనకు అరుగుడు, వీళ్ళకు లేసుడు.

ఇగ మూడోసారి కొమురవ్వకు ఏడో నెల పడ్డది. మంత్రసాని సాయవ్వ వచ్చి కడుపు మీద చెయ్యేసి చూసింది. చూసి పెంటయ్యను బయటికి పిలిచింది.

"పెంటయ్యా, ఇది పోతే ఇగ ఈ పిల్లకు కడుపు నిలువది. నీ బిడ్డ గూడ దక్కుతదో లేదో చెప్పలేను. పని చేస్తే చెయ్యనియ్యి. కాని దిగ్గున లేవొద్దు. కూసుంటే కూసున్నట్టే ఉండాలె, లేస్తే మెల్లగ లేవాలె."

ఇంట్లనే కూసోబెట్టరాదా అంటరేమో. వెట్టి నాయినా, వెట్టి. యాసంగి వడ్లొచ్చినయంటే ఇంటికొక ఆడమనిషి దొర కల్లంల ఉండాలె. పెంటయ్య ఇంట్ల ఉన్నది ఆ ఒక్క ఆడమనిషే.

పెంటయ్య తలకు రుమాలు చుట్టుకోని బయలుదేరిండు. మూడు గడపలకు పోయిండు.

మొదలు ఊరి శిస్తు చూసే మాలి పటేల్ గడప. ఇరవై అడుగుల దూరంల నిలబడి, "పటేలా, నీ బాంచన్. నా బిడ్డకు మూడోది. కిర్రన్నప్పుడు ఆమెనొక్కదాన్ని కూసోనియ్యిండ్రి" అన్నడు. పటేల్ నోట్ల చుట్ట తీసి, "కిర్రంటే లేవాలెరా. ఇయ్యాల నీ బిడ్డ కూసుంటే రేపు ఊరు కూసుంటది" అన్నడు.

రెండోది పట్వారి గడప. పట్వారి కాయిదాల మనిషి, దేనికైనా ఒక నియమం చెప్తడు. "లేవకుండ ఉండేందుకు ఒక్కటే దారి ఉన్నదోయ్" అన్నడు. "పక్కూరి దొర మన ఊరొచ్చినప్పుడు చూసినవా? ఆయన కాళ్ళకు కిర్రే, మన దొర కాళ్ళకు కిర్రే. అప్పుడెవరు లేస్తరు? ఎవరూ లేవరు. కిర్రుకు కిర్రు లేవదు. మరి నీ బిడ్డకున్నదా కిర్రు?" అని బొజ్జ ఊగేటట్టు నవ్విండు. పెంటయ్య నవ్వలే.

మూడోది గడి. పెంటయ్య నేల మీద సాగిలపడి సంగతి చెప్పుకున్నడు. దొర అంతా విన్నడు. చెప్పొద్దూ, ఓపికగనే విన్నడు. విని, "ఏంరా పెంటిగా, మీరంత నాకు లేస్తున్నమనుకుంటున్నరా? నాకెందుకురా మీ దండాలు? అది మా తాత పెట్టిన మాట. లేసేది మనిషికి గాదు, కిర్రుకు. కిర్రు మర్యాద తియ్యడానికి నేనెవన్ని?" అని పెద్ద ధర్మం చెప్పినట్టు మీసం దువ్వుకున్నడు.

పెంటయ్య ఇంటిమొఖం పట్టిండు. కండ్లల్ల నీళ్ళు తిరుగుతున్నయి. ఆ ముగ్గురన్న మాటలే నోట్ల మెదులుతున్నయి. కిర్రంటే లేవాలె. కిర్రుకు కిర్రు లేవదు. లేసేది మనిషికి గాదు, కిర్రుకు. వాగు గట్టుకొచ్చిండు, ఇంకోసారి అనుకున్నడు. కిర్రంటే లేవాలె. కిర్రుకు కిర్రు లేవదు. లేసేది మనిషికి గాదు, కిర్రుకు. మాదిగ వాడల అడుగు పెట్టంగనే ఠక్కున ఆగిండు. ముగ్గురు ముగ్గురే లేదన్నరు. మూడు లేదులను పక్కపక్కన పెడితే ఒక ఔనైంది.

ఇగ పెంటయ్య కూసున్నడు చూడుండ్రి. లంద తొట్టిల నానిన తోలు తీసిండు. రంపెతోని కోసిండు, ఆరెతోని పొడిచిండు, దారం ఈడ్చి కుట్టిండు. మొదటి జత అయింది. ఏసి చూస్తే చుంచెలుక అరిసినట్టు కిచ్చుమన్నది. ఇదెవనికి వినబడుతదని పక్కకు పడేసిండు. రెండో జత కుట్టిండు. ఒక కాలు కిర్రంటది, ఇంకో కాలు అనది. కుంటి దొర అనుకుంటరని అది గూడ పడేసిండు. మూడో జత కుట్టిండు. అది కుదిరింది. మెత్తగ, పదంగ, పక్కనోళ్ళకు వినబడేటంత కిర్రు. బిడ్డ కల్లంల కూసోని, ఎవరన్న అడిగితే కాలు కదిపి చూపియ్యాలె, అదీ ఆయన ఉపాయం. చాటుగ పని కావాలనుకున్నడు పాపం.

ఇగ ఒక్కటే మిగిలింది, చుట్ట కాల్చినంతసేపు ఎండ చూపెట్టాలె. చూపెట్టిండు. గోడకు ఒరిగిండు. మూడు దినాల సంది నిద్ర లేని మనిషి, కన్ను అంటుకున్నది.

అది రోహిణి కార్తె. రోహిణి కార్తెకు రోళ్ళు పగులుతయంటరు, తోలెంత? పెంటయ్య కండ్లు తెరిచేసరికి పొద్దు అటు వాలింది. చెప్పులు బిగుసుకోని కట్టె లెక్కయినయి. మెల్లగ కాళ్ళకు ఏసుకోని ఒక్క అడుగేసిండు.

కిర్ర్ర్రు.

ఇంటి కప్పు మీదున్న కాకులు లేసినయి. వాకిట్ల పండుకున్న కుక్క లేసి నిలబడ్డది. పక్కింటి ముసలవ్వ కుక్కి మంచంల నుంచి లేసి తల వంచింది. దొర చెప్పులకు గూడ ఇంత కిర్రు లేదు. తాత కుట్టలే, తండ్రి కుట్టలే, ఇంత కిర్రు ఆ వంశంల ఎవ్వడు కుట్టలే. ఇంకో జత చేద్దమంటే తోలు లేదు. తెల్లారితే బిడ్డ కల్లానికి పోవాలె.

తెల్లారింది. కొమురవ్వ ఆ చెప్పుల దిక్కు చూసి నాలుగడుగులు ఎనుకకు జరిగింది.

"నాయినా, ఇవి ఏసుకుంటే నన్ను బతకనిస్తరా?"

"తిడితే నన్ను తిడతరు, కొడితే నన్ను కొడతరు. నువ్వు ఏసుకో బిడ్డా."

"మనం ఏసుకునేటియా ఇవి?"

"కుట్టేటప్పుడు మనయే గదా."

కొమురవ్వ కడుపు మీద ఒక చెయ్యి పెట్టుకున్నది. ఇంకో చెయ్యితోని తండ్రి భుజం పట్టుకున్నది. కాలు పెట్టింది.

నడిచింది నా తల్లి! కిర్రు, కిర్రు, కిర్రు. ఎనుక పది అడుగుల దూరంల ఒట్టి కాళ్ళతోని పెంటయ్య. చాకలి వాడ కాడికొచ్చింది. బట్టలు ఉడకబెడుతున్నోళ్ళు ఉడకబెడుతున్నట్టే లేసిండ్రు, తలలు వంచిండ్రు. కిర్రు, కిర్రు, కిర్రు. కుమ్మరి వాడ కాడికొచ్చింది. సారె తిప్పుతున్నాయన లేసిండు, కుండ ఒక పక్కకు ఒరిగింది. కిర్రు, కిర్రు, కిర్రు. పెద్ద బజారుకొచ్చింది. మాలి పటేల్ చుట్ట ఎనుకకు దాచి లేసిండు. పట్వారి కలం చేతుల ఉండంగనే లేసిండు, దోతి మీద సిరా ఒలికింది.

ఒక్కరన్న మొఖం చూసిండ్రా? ఎట్ల చూస్తరు? మొఖం చూడొద్దని వాళ్ళ నియమమేనాయె. తల వంచితే కనబడేది కాళ్ళు. కాళ్ళకు కిర్రు చెప్పులున్నయి. చీరె కుచ్చిళ్ళు కనబడితే దొరసాని అనుకున్నరు. ఆ పొద్దు ఊరు ఊరంత మాదిగ కొమురవ్వకు లేసి తల వంచింది. చెప్తుంటే ఇప్పుడు గూడ నా ఒళ్ళు ఝల్లుమంటది.

అట్ల అట్ల గడి ముంగటికొచ్చింది. కల్లం పక్కన పందిరి. పందిరి కింద పడక కుర్చీ. కుర్చీల దొర, కండ్లు మూసుకోని. ఎండకు కాళ్ళు మండుతున్నయని చెప్పులు విడిచి పక్కకు పెట్టిండు. కిర్రు వినబడ్డది. ఎవరబ్బా? ఇయ్యాలో రేపో వస్తనని పక్కూరి దొర కబురు చేసి ఉండె. ఆయన దొరకు స్వయాన బావ. కిర్రుకు కిర్రు లేవదు, నిజమే. కాని ఇప్పుడు దొర కాళ్ళకు కిర్రెక్కడిది? ఒట్టి కాళ్ళతోని కూసోని బావను రమ్మంటే పరువు పోతది. దొర దిగ్గున లేసిండు. రెండు చేతులు జోడిచ్చిండు. తల వంచిండు.

"రాండ్రి బావా, రాండ్రి."

తల ఎత్తి చూస్తే ఎదురుంగ నిండు కడుపుతోని కొమురవ్వ.

కల్లంల ముప్పై తొమ్మిది మంది ఆడోళ్ళున్నరు. కిర్రన్నది గదా, వాళ్ళు గూడ చేటలు పట్టుకోని లేసి నిలబడ్డరు. ఊరంత నడిచొచ్చిన కొమురవ్వ నేల మీద చెయ్యి ఆనిచ్చి మెల్లగ, మంత్రసాని చెప్పినంత మెల్లగ, కూసున్నది. దొర నిలబడ్డడు. ఊరు నిలబడ్డది. పెంటయ్య బిడ్డ ఒక్కతే కూసున్నది.

"ఎవరిచ్చిండ్రే నీకివి?" అన్నడు దొర.

"మా నాయిన కుట్టిండు దొరా."

ఎనుక నుంచి పెంటయ్య వచ్చి సాగిలపడ్డడు. ఒళ్ళంత చెమట.

"దొరా, నీ బాంచన్. కొట్టేదుంటే నన్ను కొట్టుండ్రి. కాని ఒక్క మాట. మీరు లేసింది నా బిడ్డకు గాదు, కిర్రుకు. మీ తాత పెట్టిన మాటని మొన్న మీరే సెలవిచ్చిండ్రు."

ఇగ చూడు దొర తిప్పలు. ముందుకు పోతే నుయ్యి, ఎనుకకు పోతే గొయ్యి. ఆ మాట తప్పంటే రేపటి సంది ఆయనకు ఎవ్వరు లేవరు. ఆ మాట ఒప్పంటే ఈ పిల్లను లేపరాదు. ఉరికొచ్చిన పట్వారి దిక్కు చూసిండు. "నువ్వన్న చెప్పవయ్యా" అన్నడు. పట్వారి దోతి మీది సిరా మరక చేతితోని దాసుకుంట, "కిర్రుకు కిర్రు లేవదనే మాట ఉన్నది దొరా. నేనే చెప్పిన వీనికి" అని నసిగిండు.

ఎక్కడి నుంచో ఒక ముసల్ది కిసుక్కున నవ్వింది. దొర విననట్టే ఉన్నడు.

"కాన్పయ్యేదాక" అన్నడు. "కాన్పయినంక అవి తెచ్చి గడిల పడెయ్యాలె."

ఆనాటి సంది దొర చెప్పులేసుకోని కల్లానికొస్తే ముప్పై తొమ్మిది మంది లేస్తున్నరు, కొమురవ్వ కూసుంటున్నది. గడికి పోతే ముప్పై తొమ్మిది మంది లేస్తున్నరు, కొమురవ్వ కూసుంటున్నది. ఎనిమిదో నెల దాటింది. తొమ్మిదో నెల దాటింది. వానలు పడ్డయి. ఒకనాడు పొద్దుగాల సాయవ్వ తలుపు తీసి, "పెంటయ్యా, ఆడపిల్ల. ఏడుపు వింటలేవా?" అన్నది. వినకేం, వాడంత వినబడుతున్నది. పెంటయ్య ఆ వానలనే ఇంటింటికి ఉరికి, నా మనుమరాలు ఏడుస్తున్నది, నా మనుమరాలు ఏడుస్తున్నదని చెప్పుకున్నడు. ఉయ్యాల తాడుకు చీరె కట్టిండు.

చెప్పులు గడిల ఇచ్చిండా? ఇద్దమనే బయలుదేరిండు. వాకిట్ల చాకలోళ్ళ కోడలు నిలబడి ఉన్నది, ఆరో నెల. "పెంటయ్య మామా, ఆ చెప్పులు నాకియ్యవా? నాకు గూడ ఒకటి పోయింది" అన్నది. ఇచ్చిండు. ఎనుకనే కుమ్మరోళ్ళ బిడ్డ వచ్చింది, ఆమెకు ఇంకో జత కుట్టిండు. మూడోనాడు దొడ్డి దారిల, నెత్తి మీదికి కొంగు లాక్కోని, పట్వారి భార్య వచ్చింది. "మా కోడలికి. మా ఆయనకు చెప్పకు" అన్నది.

దొర కాదంటే తాత మాటనే తప్పన్నట్టైతది, అందుకని చూసి చూడనట్టు ఉన్నడు. ఇగ ఒకరిని చూసి ఒకరు. మోకాళ్ళ నొప్పులున్న ముసలోళ్ళు కుట్టిచ్చుకున్నరు. పెండ్లి పిలగాండ్లు కుట్టిచ్చుకున్నరు. ఏమీ లేనోళ్ళు ఊరికె సోకుకు కుట్టిచ్చుకున్నరు. ఏడాది తిరిగేసరికి ఊళ్ళె అందరి కాళ్ళకు కిర్రే. ఎవరు ఎవరికి లేస్తున్నరో దేవునికెరుక. చెప్పులున్నోడు కాళ్ళు కడుగుదమని విడుస్తడు, అంతట్ల ఇంకోడొస్తడు, వీడు లేవాలె. దుకాణపు సేటు తక్కెడ పట్టుకోని పూటకు నలభై మార్లు లేస్తే బేరమెప్పుడు చేస్తడు?

దొర పెంటయ్యను పిలిపిచ్చిండు. "పెంటయ్యా" అన్నడు. చెవులు పెట్టి వినుండ్రి, పెంటిగా అనలే, పెంటయ్యా అన్నడు. "నా చెప్పులకు ఊళ్ళె ఎవ్వరి కాళ్ళకు లేని చప్పుడుండాలె." పెంటయ్య వారం రోజులు ఆలోచన చేసిండు. ఊళ్ళె అందరికి కిర్రున్నది. లేనిదేంది? ఏ చప్పుడు లేకపోవుడే. పిల్లి నడిచినంత మెత్తటి చెప్పులు కుట్టి ఇచ్చిండు. దొర అవి ఏసుకోని బజారుకు పోయిండు. వినబడితే గదా లేసేది? చాకలి వాడల లేవలే. కుమ్మరి వాడల లేవలే. పెద్ద బజారుల రెండుమార్లు దగ్గిండు, జలుబు చేసిందనుకున్నరు. నవ్వకుండ్రి, పాపం. తన గురించి ఊళ్ళె ఏమనుకుంటున్నరో ఆనాడే మొదటిసారి విన్నడంట ఆయన. ఏం విన్నడో ఎవ్వరికి చెప్పలే గని, ఆనాటి సంది కల్లం దిక్కు తిరుగుడు తగ్గిచ్చిండు.

చివరికి ఊరంత చావడి కాడ కూడిండ్రు. లేసి లేసి నడుములు పోయినయి, ఏదో ఒకటి తెంపాలె అన్నరు. మాలి పటేల్, "ఇగ ఎవ్వరు ఎవ్వరికి లేవొద్దు, పీడ పోతది" అన్నడు. కొందరు ఔనన్నరు, కొందరు కాదన్నరు. లొల్లి లొల్లి. సాయవ్వ లేసి, "మొదలుపెట్టినాయనను అడుగరాదా?" అన్నది. దూరంల నేల మీద కూసున్న పెంటయ్యను ముంగటికి పిలిచిండ్రు. అరుగు మీద కూసోమన్నరు. ఆయన కొసకు ఒదిగి కూసున్నడు.

"నాకు పెద్ద మాటలు రావు" అన్నడు. "నా బిడ్డ కడుపు మోసింది, ఆమె నిలబడొద్దని నేనీ పని చేసిన. గంతే. మోసేటోళ్ళకు లేవుండ్రి. కడుపు మోసేటోళ్ళకు, నెత్తి మీద మూట మోసేటోళ్ళకు, సంకల పిల్లను మోసేటోళ్ళకు. ఒట్టి చేతులతోని వచ్చేటోనికి ఎందుకు లేవాలె? ఆయనకేం బరువున్నది?"

లొల్లి సద్దుమణిగింది. ఆ మాటనే ఊరు పట్టుకున్నది.

ఎన్నేండ్లు బతికిండో తెల్వది గని, పెంటయ్య నిండుగ బతికి ఒక వానకాలం పోయిండు. ఎనకటి సంది మాదిగ వాడ శవాలు వాగు దారిననే పోవాలె, గడి ముంగట నుంచి పోరాదు. ఆనాడు వాగు రెండు గట్లు ఒరుసుకోని పారుతున్నది. మోసినోళ్ళు నలుగురు. ఇద్దరు వాడోళ్ళు, ఒకాయన చాకలి, ఒకాయన కుమ్మరి. ఒకరి మొఖాలు ఒకరు చూసుకున్నరు. గడి బాటకే తిప్పిండ్రు.

చాకలి వాడ లేసింది. కుమ్మరి వాడ లేసింది. పెద్ద బజారు లేసింది. గడి ముంగటికి రాంగనే దర్వాజ కాడి మనిషి కట్టె అడ్డం పెట్టబోయిండు. పైన అరుగు మీద పడక కుర్చీల దొర ఉన్నడు. బాగ ముసలోడైండు, కాళ్ళు ఆగుతలేవు. "కట్టె తియ్యిరా, మోస్తున్నరు గదా" అన్నడు. కుర్చీ చేతులు రెండు పట్టుకోని, వణుక్కుంట, లేసిండు. శవం మలుపు తిరిగేదాక కూసోలే.

బతికినన్ని దినాలు పెంటయ్యకు లేసినోడు ఒక్కడు లేడు. చిన్నప్పటి సంది ఆయననే అందరికి లేసిండు. పోయిననాడు ఊరు ఊరంత లేసింది. జర ఆగుండ్రి, నీళ్ళు తాగుత.

దొర పేరేంది అని అడుగుతరు మీరు. నేను గూడ అడిగిన. ఆ ఊళ్ళె ఎవ్వరికి యాదికి లేదు.

ఇప్పుడు గూడ ఆ ఊళ్ళె ఏడో నెల పడ్డ పిల్లకు పుట్టింటోళ్ళు పూలు, గాజులతోని పాటు కిర్రు చెప్పులు పెడతరు. ఏ కులమైనా సరే. అవి ఏసుకోని పిల్ల ఊరంత ఒకసారి తిరుగుతది. ఊరు లేస్తది. కాన్పయ్యేదాక ఆమె ఎవ్వరికి లేవది, అత్తకు గూడ లేవది. ఇప్పుడు తోలు కుట్టేటోళ్ళు తక్కువైండ్రు, రబ్బరు చెప్పు కిర్రనదాయె. అందుకని చూసినోళ్ళే నోటితోని అంటరు.

ఇది నాకెట్ల ఎరుక అంటరా? ఆ ఊరు నా పుట్టినూరు గాదు, మెట్టినూరు. మీ నాయిన నా కడుపుల ఏడో నెల. పట్నం దవాఖానల చూపిచ్చుకోని సాయంత్రం ఆ ఊరి బస్సెక్కిన, అత్తగారింటికి పోవుడు అదే మొదలు. బస్సు కిటకిటలాడుతున్నది, కాలు పెట్ట సందు లేదు. కొత్త కోడలిని, ఒక్కరు గూడ ఎరుక లేరు. కమ్మి పట్టుకోని ఊగుతున్న. ముంగట సీట్ల ఒక ముసలవ్వ నన్ను కింది నుంచి మీది దాక చూసింది. చూసి, "కిర్రు" అన్నది.

బస్సుల ఎనిమిది మంది లేసిండ్రు. తెల్ల బట్టల పెద్దమనిషి లేసిండు, సదువుకునే పోరగాండ్లు లేసిండ్రు, మేకపిల్లను ఒళ్ళె పెట్టుకున్నాయన మేకపిల్లతోనే లేసిండు. కండక్టర్ వేరే ఊరోడు, బిత్తరపోయిండు.

"ఎవరమ్మా ఈమె? సర్పంచ్ కోడలా?" అన్నడు.

"పెంటయ్య బిడ్డ" అన్నరు. ఒక్కరు గాదు, ముగ్గురు నలుగురు ఒక్కసారే అన్నరు.

"మా నాయిన పేరు పెంటయ్య గాదవ్వా" అన్న నేను ముసలవ్వతోని.

"ఈ రెండు నెలలు పెంటయ్యనే. కూసో బిడ్డా, మెల్లగ కూసో" అని నా చెయ్యి పట్టి పక్కన కూసోబెట్టుకున్నది. ఊరొచ్చేదాక ఈ కథ చెప్పింది.

కొత్త ఊళ్ళె కొత్త కోడలు కనబడితే ఎవ్వరైనా మొదలు అడిగేది, ఎవరి బిడ్డవమ్మా అని. అడిగేది పేరు కోసం గాదు, ఏ కులమో తెలుసుకుందమని. నేను ఆ మాట కోసం భయపడుకుంటనే బస్సెక్కిన. ఆ బస్సుల నన్ను ఒక్కరు అడగలే. అడగకముందే వాళ్ళే చెప్పిండ్రు.